నూట పదిమందిలో

టైల్స్ ఫ్యాక్టరీ డిస్పెన్సరీలో కార్డులు చూసే ఆవిడని అందరూ కార్డులక్క అనే పిలిచేవాళ్ళు. అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది కానీ, ఆ పేరు పెట్టి పిలిస్తే ఆవిడే వెనక్కి తిరిగి చూసేది కాదు. యాభై రెండేళ్ళ మనిషి. బక్కపలచగా ఉండేది, నోరు మాత్రం పెద్దది. పంతొమ్మిదేళ్ళుగా అదే గది, అదే కుర్చీ. ఎడమచేతి వైపు తెల్ల కార్డుల డ్రాయరు ఒకటి, కుడిచేతి వైపు పసుపు కార్డుల డ్రాయర్లు మూడు. తెల్లవి పొడి షెడ్డువాళ్ళవి, పసుపువి ప్యాకింగ్ షెడ్డువాళ్ళవి. ఎవరికైనా ఊపిరి జబ్బు ఉందని డాక్టరు రాస్తే, ఆ మనిషి కార్డు పైమూలన ఎర్రసిరాతో ఓ చుక్క పెట్టాలి. పెసరగింజంత చుక్క. ఆ చుక్కల్ని ఏడాదికోసారి లెక్కపెట్టి ఆఫీసుకి పంపడం కూడా ఆవిడ పనే.

ఆవిడతో మాటలు పెట్టుకోవాలంటే ఇరుగుపొరుగువాళ్ళు కాస్త జంకేవాళ్ళు. ఎదురింట్లో కుట్టుమిషను పెట్టుకున్నావిడ ఓ రోజు, "ఆ మూల కొళాయి నీళ్ళు తాగి నలుగురికి జ్వరాలొచ్చాయట, ఇక ఆ నీళ్ళు పట్టకండి" అంది. అందరూ అయ్యో పాపం అంటుంటే కార్డులక్క మాత్రం, "ఎవరిలోంచి నలుగురు? ఆ నీళ్ళు తాగేవాళ్ళు ఎంతమంది? తాగనివాళ్ళలో ఎంతమందికి వచ్చింది?" అని మొదలెట్టింది. కుట్టుమిషనావిడ సూది నోట్లోంచి తీసి, "నీతో మాట్లాడాలంటే జనాభా లెక్కలు చంకన పెట్టుకు రావాలి తల్లీ" అంది. వీధంతా నవ్వింది. కార్డులక్క కూడా నవ్వింది కానీ, జవాబు చెప్పేదాకా ఆవిణ్ణి వదల్లేదు.

ఈ పిచ్చి అంటించింది పాత డాక్టరు. కొత్తగా చేరిన ఏడాది ఆవిడ చుక్కలన్నీ లెక్కపెట్టి, పొడి షెడ్డులో ఇన్ని, ప్యాకింగ్‌లో ఇన్ని అని రాసుకెళ్ళింది. ఆయన కళ్ళజోడు మీదుగా ఓ చూపు చూసి, కాగితం వెనక్కి తిప్పాడు. "జబ్బుపడ్డవాళ్ళలో ఎంతమంది ఈ షెడ్డువాళ్ళు అన్నది ఒక ప్రశ్న. ఈ షెడ్డువాళ్ళలో ఎంతమంది జబ్బుపడ్డారు అన్నది ఇంకో ప్రశ్న. రెండూ ఒకటే అనుకున్నావో, మనుషులు చస్తారు. ఎప్పుడూ ముందు 'ఎవరిలోంచి' అని అడుగు. తరవాతే ఎంతమందో చెప్పు." అంతే, ఆ మాట ఆవిడ తలకెక్కిపోయింది. పెద్దాయన రిటైరై వెళ్ళిపోయినా మాట మాత్రం ఆ గదిలోనే ఉండిపోయింది.

సరే, ఆ లెక్క ప్రకారమే చూద్దాం. పొడి షెడ్డులో ఎనభైమంది. తెల్లటి పలుగురాళ్ళని మరల్లో వేసి మైదాపిండిలా చేసే చోటు అది. అక్కడ నలుగురి కార్డులకే ఎర్రచుక్క. అంటే ఇరవైమందికి ఒకరు. ప్యాకింగ్ షెడ్డులో రెండువందల నలభైమంది, తయారైన టైల్స్‌ని అట్టపెట్టెల్లో సర్దేవాళ్ళు. వాళ్ళలో ఇరవైనలుగురికి చుక్క. అంటే పదిమందికి ఒకరు. ఏటా ఒకటీ అరా అటూ ఇటూ అయినా, ప్యాకింగ్ షెడ్డు పొడి షెడ్డుకి రెట్టింపు. మొదట్లో అందరూ ముక్కుమీద వేలేసుకున్నారు. తరవాత కారణం కూడా దొరికింది. ప్యాకింగ్ షెడ్డు తలుపులు ఎప్పుడూ బార్లా తెరిచి ఉంటాయి, లారీలు ఇంజను ఆపకుండా అక్కడే నిలబడతాయి, ఆ పొగంతా లోపలికే. పొడి షెడ్డువాళ్ళు ముక్కుకి తడిగుడ్డ కట్టుకుంటారు. మనిషికి కారణం ఒకటి దొరికితే చాలు, ఇక వెతకడం మానేస్తాడు. ఆఫీసువాళ్ళయితే, తక్కువ జబ్బులున్న షెడ్డు అని పొడి షెడ్డుకి ఓ పెద్ద గోడగడియారం బహుమతిగా కూడా ఇచ్చారు. దాన్ని మరల మధ్య స్తంభానికి తగిలించారు. అద్దం తుడిచిన గంటకి ముల్లు కనబడదు.

ఆ గడియారం వచ్చిన ఏడే కార్డులక్క తమ్ముడు ఫ్యాక్టరీలో చేరాడు.

తమ్ముడంటే పేరుకి తమ్ముడు. తల్లి పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు, ఆవిడకి పంతొమ్మిది. స్నానం చేయించి, బడికి పంపి, జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుని పెంచింది. పెళ్ళిమాట వచ్చినప్పుడల్లా, "వీణ్ణి ఎవరి నెత్తిన పెట్టను" అనేది. చివరికి వాడి పెళ్ళి చేసింది, తనది మరిచిపోయింది. వాడు మాత్రం అక్క గీసిన గీత దాటేవాడు కాదు. ఉద్యోగంలో చేరే రోజు ఏ షెడ్డు కావాలో ఎంచుకోమన్నారు. వాడు తిన్నగా కార్డుల గదికొచ్చి, "అక్కా, ఏది రాయను?" అని అడిగాడు.

ఆవిడ కార్డులు తీసి, వాడి ఎదురుగానే భాగహారం చేసి చూపించింది. "చూడు, అక్కడ ఇరవైమందికి ఒకరు, ఇక్కడ పదిమందికి ఒకరు. పొడి షెడ్డు రాయి." వాడు రాశాడు. ఆ రోజు ఆవిడకి ఎంత గర్వంగా ఉందో చెప్పలేం. వీధిలో నవ్విన లెక్కే ఇవాళ నా తమ్ముణ్ణి కాపాడింది అనుకుంది.

తొమ్మిదేళ్ళు గడిచాయి. అక్క కింద వాటాలో, తమ్ముడూ మరదలూ పై వాటాలో. మధ్య ఇనుప మెట్లు పద్దెనిమిది. వాడి బూట్ల చప్పుడు ఆవిడకి కొట్టిన పిండి. మొదటి ఏళ్ళలో ఆ చప్పుడు గబగబా పైకి పోయేది, మధ్యలో తెగేది కాదు. పోయిన ఏడాది నుంచి పదకొండో మెట్టు దగ్గర ఒకసారి ఆగడం మొదలైంది. జలుబు చేసిందేమో అనుకుంది. ఈ ఏడు ఏడో మెట్టు దగ్గర ఒకసారి, పద్నాలుగో మెట్టు దగ్గర ఇంకోసారి. ఆగిన చోట గొంతు సవరించుకునేవాడు, ఎవరో వింటున్నారని తెలిసినట్టు మెల్లగా. ఆవిడ పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని, మళ్ళీ అడుగు పడేదాకా కదలకుండా నిలబడేది.

మరదలు ఓ పొద్దున కిందకి దిగొచ్చి, "వదినా, మీరైనా చెప్పండి. దుప్పటి దులిపితే ఆయాసం, చొక్కా గుండీ పెట్టుకుంటే ఆయాసం. అడిగితే నామీద ఒంటికాలిమీద లేస్తున్నారు" అంది.

"డాక్టరమ్మ దగ్గరికి రమ్మను."

"రారట. ఆయన షెడ్డుకి గడియారం ఇచ్చారట. అక్కడివాళ్ళకి జబ్బులు రావట. మా అక్క లెక్క కట్టింది, నీకేం తెలుసు అంటున్నారు."

"నేను చెబుతాలే" అంది కార్డులక్క.

ఆ వారమే, ఓ బుధవారం మధ్యాహ్నం, పసుపు కార్డుల మధ్య డ్రాయరు పట్టాలు విరిగి మొత్తం కింద పడింది. దాన్ని తియ్యబోయి పక్క రెండూ కూడా లాగి పెట్టింది, అవీ ఒరిగిపోయాయి. రెండువందల నలభై కార్డులు నేలమీద పరుచుకున్నాయి. ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. మూడేళ్ళుగా పట్టాలు మార్పించమని చెబుతూనే ఉంది, ఆఫీసువాళ్ళు పెడచెవిన పెడుతూనే ఉన్నారు. వాళ్ళందరినీ పేరుపేరునా తిట్టుకుంటూ నేలమీద చతికిలబడింది.

ఎప్పుడూ కార్డులు పేర్ల వరసలో ఉండేవి. ఈసారి అన్నిటినీ అక్షరాల వరసలో పెట్టాలంటే సాయంత్రం అవుతుందని, ముందు బిళ్ళ నంబర్ల వరసలో సర్దేద్దాం, పేర్ల సంగతి రేపు చూసుకుందాం అనుకుంది. ఫ్యాక్టరీలో చేరిన రోజున ప్రతివాడికీ ఓ ఇత్తడి బిళ్ళ ఇస్తారు. దానిమీద నంబరు ఉంటుంది. పొద్దున గేటు దగ్గర తగిలించడానికి, సాయంత్రం తీసుకోవడానికి. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆ నంబరు మారదు. ఒకటి, రెండు, మూడు అని కార్డులు నిలబెడుతూ వచ్చింది. యాభై అయ్యాయి, వంద అయ్యాయి, నూటయాభై అయ్యాయి. ఏదో తేడాగా ఉంది. ఏమిటో తెలియలేదు. రెండువందల పది కార్డులు నిలబెట్టాక తెలిసింది. ఇంతవరకూ ఎర్రచుక్కలు రెండే కనిపించాయి.

ఇంకా ముప్ఫై కార్డులు నేలమీద ఉన్నాయి. వాటన్నిటి నంబర్లూ అయిదువందల పైన. ఒక్కొక్కటే తీసి వెనకాల పెట్టింది. చుక్క, చుక్క, చుక్క. మధ్యలో ఓ ఖాళీ కార్డు. మళ్ళీ చుక్క. అన్నీ పెట్టాక డ్రాయరు అంచునుంచి చూస్తే, ముందు వైపంతా శుభ్రంగా పసుపు, వెనక చివర ఎర్రగా దద్దురు లేచినట్టు ఉంది. ముప్ఫై కార్డుల్లో ఇరవై రెండు చుక్కలు.

అయిదువందల పైన నంబర్లు ఎవరివి? పొడి షెడ్డువాళ్ళవి. చేరినప్పుడు పొడి షెడ్డులో చేరినవాళ్ళవి.

ఆ ముప్ఫైమందీ ఆవిడకి తెలియనివాళ్ళు కాదు. ఏడాదికి ఒకరో ఇద్దరో 'తేలికపని' అని రాసిన చీటీ పట్టుకుని ఆ గదికి వచ్చినవాళ్ళే. పొడి షెడ్డు నుంచి ప్యాకింగ్‌కి మారినట్టు ఆ చీటీ. ఆవిడ పసుపు కార్డు కొత్తది తీసి, పేరు, వయసు, బిళ్ళ నంబరు ఎక్కించేది. పాత షెడ్డు ఏదో రాయడానికి ఆ కార్డులో గడి లేదు. ఒకే మనిషికి రెండు కార్డులుంటే లెక్క తప్పుతుందని తెల్లకార్డుని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేసేది. పనంటే అంత శుభ్రం ఆవిడకి. ముప్ఫై తెల్లకార్డులు, ఒక్కొక్కటి నాలుగు ముక్కలు, తన చేతులతోనే.

మర్నాడు మధ్యాహ్నం పొడి షెడ్డు మేస్త్రీ టీ తాగే చోటికి వెళ్ళింది. ఆయన లావుపాటి మనిషి, ఎవరినీ కసురుకోడు. కష్టమొస్తే మేస్త్రీ ఉన్నాడులే అని షెడ్డంతా అనుకునే మనిషి.

"మేస్త్రీగారూ, తేలికపని చీటీ ఎవరికి రాస్తారు మీరు?"

"ఎవరికేంటక్కా, మూట ఎత్తితే రొప్పేవాళ్ళకి. రెండు మూడు నెలలు చూస్తాను. తగ్గలేదనుకోండి, ప్యాకింగ్‌కి పంపేస్తాను. అక్కడైతే కూర్చుని చేసుకునే పని కదా. పిల్లలుగలవాళ్ళు, ఆయాసమొచ్చిందని ఇంటికి పొమ్మంటానా?"

"డాక్టరుకి చూపించాక పంపుతారా, ముందే పంపుతారా?"

"ముందే. డాక్టరు అదీ ఇదీ రాసేలోపు మనిషి మరదగ్గర కూలబడితే? వెళ్ళాక నిమ్మదిగా చూపించుకుంటారు."

"అంటే వాళ్ళ జబ్బు ప్యాకింగ్ షెడ్డు ఖాతాలో పడుతోంది."

మేస్త్రీ గ్లాసు కింద పెట్టాడు. ఆయన మొహంలో దొంగతనం ఏమీ లేదు, ఆశ్చర్యమే ఉంది. "అదంతా మీకు తెలుసనే అనుకున్నానక్కా. కార్డు మార్చేది మీరేగా."

ఆయన మంచివాడే. మంచితనంతోనే పంపాడు. ఆవిడ పనిమంతురాలే. శ్రద్ధగానే చింపింది. నన్నడిగితే, ఇద్దరిలో ఒకరైనా కాస్త బద్ధకస్తులైతే ఆ ముప్ఫైమంది గతి అందరికీ ఏనాడో తెలిసేది.

గదికొచ్చి కాగితం తీసింది. ఇప్పుడు మళ్ళీ అడిగింది, ఎవరిలోంచి అని. ఏ షెడ్డులో ఉన్నవాళ్ళు అని కాదు, ఏ షెడ్డు దుమ్ము పీల్చినవాళ్ళు అని. ఇప్పుడు పొడి షెడ్డులో ఉన్నవాళ్ళు ఎనభై, అక్కణ్ణుంచి మారినవాళ్ళు ముప్ఫై. మొత్తం నూట పది. చుక్కలు నాలుగూ ఇరవై రెండూ కలిపి ఇరవై ఆరు. ఇంచుమించు నలుగురిలో ఒకరు. ఇక అటువైపు, మొదటినుంచీ ప్యాకింగ్‌లోనే ఉన్నవాళ్ళు రెండువందల పది. చుక్కలు రెండు. వందకి ఒకరు. లారీల పొగ పాపం ఎవరినీ ఏమీ చెయ్యలేదు.

రెండుసార్లు కూడింది, మూడుసార్లు భాగించింది. అంకెలు కదల్లేదు. తొమ్మిదేళ్ళ క్రితం, ఇదే బల్లమీద, ఇదే పెన్నుతో, వందకి ఒకరు ఉన్న చోటు నుంచి నలుగురిలో ఒకరు ఉన్న చోటికి తమ్ముణ్ణి పంపింది.

శుక్రవారం కొత్త డాక్టరమ్మ వచ్చింది. చిన్న వయసు. మంగళవారం, శుక్రవారం మాత్రమే వచ్చేది. ఆవిడ కాగితం చదివి, కార్డుల వరస చూసింది. తరవాత ఒక్కటే అడిగింది.

"మరి ఉద్యోగం మానేసి వెళ్ళిపోయినవాళ్ళు?"

"వాళ్ళ కార్డులు కింద సామాన్ల గదిలో, మూటలు కట్టి ఉన్నాయమ్మా."

"అవి కూడా చూస్తే ఈ నూట పదిలో ఇరవై ఆరు తగ్గుతుందా, పెరుగుతుందా?"

కార్డులక్క నేల చూసింది. ఏ ఆరోగ్యవంతుడూ ముప్ఫై అయిదేళ్ళకి ఆ షెడ్డు మానేసిపోవడం ఆవిడ చూడలేదు. డాక్టరమ్మ కాగితం తిరిగిచ్చింది. "ముందు ఇది శుభ్రంగా రాయండి. ఆఫీసుకి కాదు, బయట కార్మికుల ఆరోగ్య శాఖకి పంపుదాం. వచ్చే శుక్రవారం సంతకం పెడతాను. తెల్లకార్డులు చింపేశారు కదా, బిళ్ళ నంబర్లే మనకి సాక్ష్యం. ఇకమీదట ఒక్క కార్డు కూడా చింపకండి."

"చింపను." ఆవిడ లేచి, మళ్ళీ కూర్చుంది. "నా తమ్ముడు పొడి షెడ్డులోనే ఉన్నాడమ్మా. తొమ్మిదేళ్ళు."

డాక్టరమ్మ గొంతు మెత్తబడింది. "నలుగురిలో ఒకరంటే, మీ తమ్ముడే ఆ ఒకరని కాదు. ఇది గుంపు గురించిన లెక్క. మిగతా ముగ్గురిలో ఉండొచ్చు. మంగళవారం తీసుకురండి, ఎక్స్‌రేకి పంపుదాం."

ముగ్గురిలో ఉండొచ్చు. ఆ మాట పట్టుకునే ఆవిడ శని, ఆదివారాలు గడిపింది. గిన్నెలు తోముతూ ముగ్గురు, బట్టలు ఆరేస్తూ ముగ్గురు. కానీ ఇన్నేళ్ళు పెంచుకున్న బుద్ధి ఊరుకుంటుందా? ఆదివారం సాయంత్రం మెట్లమీద బూట్ల చప్పుడు అయిదో మెట్టు దగ్గర ఆగింది. పదో మెట్టు దగ్గర ఇంకోసారి ఆగింది. అప్పుడు ఆ ప్రశ్న దానంతటదే ముందుకొచ్చి నిలబడింది. నూట పదిమందిలో ఇరవై ఆరు, సరే. మెట్లమీద ఆగి ఆగి ఎక్కేవాళ్ళను మాత్రమే తీసుకుంటే, వాళ్ళలో ఎంతమంది? జవాబు ఎటుపోతుందో ఆవిడకి తెలుసు. ఎవరినైనా నిలదీసి అడిగే మనిషి, ఆ ఒక్కసారికి తనని తాను అడక్కుండా రేడియో పెద్దగా పెట్టుకుంది.

సోమవారం పదకొండు గంటలకి తమ్ముడే కార్డుల గదికి వచ్చాడు. కనుబొమలమీద తెల్లటి పొడి, మొహం నిండా నవ్వు. చేతిలో ఓ చీటీ.

"అక్కా, నీకో మంచి కబురు. నాకు తేలికపని ఇచ్చారు. మేస్త్రీ అడక్కుండానే రాశాడు. రేపట్నించి ప్యాకింగ్, కూర్చుని చేసుకోవడమే. నీ మరదలి సణుగుడు కూడా తీరిపోతుంది."

ఆవిడ చీటీ అందుకుంది. మేస్త్రీ రాత గుండ్రంగా, ముద్దుగా ఉంటుంది. ఇలాంటి చీటీలు ముప్ఫై చూసింది. ఆ చీటీ అందుకున్న ముప్ఫైమందిలో ఇరవై రెండుమందికి చుక్క. నలుగురిలో ఒకరు కాదు ఇప్పుడు, నలుగురిలో ముగ్గురు. శుక్రవారం నుంచి ఆవిడ పట్టుకు వేలాడిన ముగ్గురు కాస్తా అటువైపుకి వెళ్ళిపోయారు.

"ఏంటక్కా అలా చూస్తావ్? కార్డు రాయి. పసుపుది కదా?"

"కూర్చోరా."

"షెడ్డులో పని ఉంది."

"కూర్చోమన్నానా."

వాడు కూర్చున్నాడు. చిన్నప్పుడు లెక్క తప్పు చేసినప్పుడు కూర్చున్నట్టే, చేతులు ఒళ్ళో పెట్టుకుని. ఆవిడ డ్రాయరు లాగి, వెనక చివర ఎర్రటి వరస చూపించింది. ఎవరి నంబర్లో చెప్పింది. నూట పదీ, ఇరవై ఆరూ చెప్పింది. రెండువందల పదీ, రెండూ చెప్పింది. చీటీ సంగతి చెప్పకుండా దాటేద్దామనుకుంది. మనసు ఒప్పలేదు. అదీ చెప్పేసింది, రేపు డాక్టరమ్మ ఎక్స్‌రేకి రమ్మన్న సంగతి కూడా.

"నిన్ను అక్కడికి పంపింది నేనేరా. ఈ చేత్తోనే."

వాడు దగ్గు వస్తే అరచెయ్యి అడ్డం పెట్టుకుని ఆపుకున్నాడు. ఆపుకోవడం ఎంత అలవాటైపోయిందో అప్పుడు చూసింది ఆవిడ. "నువ్వు కావాలని పంపావా ఏంటి" అన్నాడు చివరికి. "అయినా గడియారం చూసి నేనే ఎగబడేవాణ్ణి." నవ్వబోయాడు, కుదరలేదు. కాసేపటికి, "ఇప్పుడు నేను ఏ లెక్కలో ఉన్నానక్కా?" అని అడిగాడు.

"నూట పదిలో ఉన్నావు."

"ఇరవై ఆరులో లేనుగా?"

"లేవు."

"చాల్లే అయితే" అని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే, "ఈ సంగతి నీ మరదలి దగ్గర అనకు. రేపు ఎక్స్‌రే తీయించుకుంటానులే" అన్నాడు. డిస్పెన్సరీ గుమ్మానికి ఉన్నవి మూడే మెట్లు. దిగేటప్పుడు కూడా రెయిలింగు పట్టుకునే దిగాడు.

ఆవిడ పసుపు కార్డు తియ్యలేదు. వాడి తెల్లకార్డు తీసి, కింద ఖాళీ జాగాలో, 'పొడి షెడ్డులో తొమ్మిదేళ్ళు. తేలికపనికి మార్చారు' అని రాసి, చీటీని గుండుసూదితో దానికే గుచ్చి, తెల్ల డ్రాయరులోనే పెట్టింది. తరవాత ముప్ఫై పసుపు కార్డులూ తీసి, ఒక్కొక్కదానిమీదా పొడి షెడ్డులో ఎన్నేళ్ళు పనిచేశారో గుర్తు తెచ్చుకుని రాసింది. గుర్తురానివాళ్ళని భోజనాల వేళ పోయి అడిగింది. ఏడుగురు ఆ రోజు పనికి రాలేదు.

ఆఫీసు నుంచి గుమాస్తా వచ్చి, కార్డులమీద గడి లేనిచోట రాయకూడదని చెప్పాడు. "మీరు చెప్పిన గడుల్లో రాసే ఇంతదూరం వచ్చింది, వెళ్ళండి" అంది. అతను నీళ్ళు నములుతూ వెళ్ళిపోయాడు. వెళ్ళినవాడు మేనేజరుకి చెప్పే ఉంటాడు. ఆవిడ పట్టించుకోలేదు. ఉద్యోగం పోతుందన్న భయం ఆవిడలో ఉండేది, కానీ ఆ వారం దానికి చోటు దొరకలేదు.

శుక్రవారం డాక్టరమ్మ ఒక పెద్ద కవరు తెచ్చింది. లోపల్నించి నల్లటి ఫిల్ము తీసి కిటికీకి ఎదురుగా పట్టుకుంది. కార్డులక్కకి ఎక్స్‌రే చదవడం రాదు. అయినా చూసింది. నల్లగా ఉండాల్సిన చోట, రెండు వైపులా, పైభాగమంతా, తెల్లటి చిన్న చిన్న చుక్కలు. ఆవిడ పెట్టే చుక్కలకన్నా చిన్నవి, లెక్కపెట్టడానికి వీల్లేనన్ని.

డాక్టరమ్మ ఫిల్ము కవరులో పెట్టి, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. దుమ్ము ఇక పీల్చకపోతే ముదరడం నెమ్మదించొచ్చంది, ఉన్నది మాత్రం పోదంది. ఏ మందు వాడాలో, నెలకోసారి ఎక్కడికి వెళ్ళాలో చెప్పింది. కార్డులక్క అన్నిటికీ తల ఊపింది. మాటలు చెవిదాకా వస్తున్నాయి, లోపలికి పోవడం లేదు. తల్లి చేతుల్లోంచి తీసుకున్న నాలుగేళ్ళ పిల్లాడు కళ్ళముందు కనబడుతున్నాడు. ఏడుపు రాలేదు. రానందుకే భయం వేసింది.

"కార్డుమీద చుక్క నేను పెట్టనా?" అని అడిగింది డాక్టరమ్మ.

"వద్దమ్మా. అది నా పని."

తెల్ల డ్రాయరు లాగింది. వాడి కార్డు తీసి బల్లమీద పెట్టి, ఎర్రసిరా పెన్ను మూత తీసింది. ఎప్పుడూ పెట్టే పైమూలన, ఎప్పుడూ పెట్టేంత చుక్క పెట్టింది. ఆరేదాకా చూసి లోపల పెట్టింది.

"ఇక సంతకం పెడతాను, ఆ కాగితం ఇవ్వండి" అంది డాక్టరమ్మ.

"ఒక్క నిమిషం ఆగండి. అందులో ఒక అంకె మారింది."

కాగితం తనవైపు తిప్పుకుని, ఇరవై ఆరు మీద అడ్డంగా ఒక గీత గీసి, పక్కన ఇరవై ఏడు అని రాసింది. నూట పది మాత్రం దిద్దాల్సిన పని లేకపోయింది. వాడు తొమ్మిదేళ్ళుగా అందులోనే ఉన్నాడు.